తిరుగుబాటుదారుకు చట్టసభ తలుపు

రేనాటి సీమలో తిరుగుబాటుదారుకు రాజ్యం ఏ శిక్ష విధించేదో తెలుసుకోవడానికి చిలమకూరు నుంచి ఎంతో దూరం పోనక్కరలేదు. 1800లో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్ళలో పాలెగాళ్ళ అధికారాన్ని కూకటివేళ్ళతో పెకలించాడు. పాలెములు పోయి భరణాలు మిగిలాయి. ఆ భరణాల తగవు ముదిరి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న అతన్ని ఉరితీశారు. తలను 1877 దాకా జనం కళ్ళబడేటట్లు వేలాడదీసి ఉంచారు. కంపెనీవారికి 'పదవికి అనర్హత' అన్న మాటతో పని లేకపోయింది.

ఆ మాటతో పని పడింది అమెరికన్లకు. అంతర్యుద్ధం ముగిశాక, 1868లో, వారు తమ రాజ్యాంగంలో పద్నాలుగవ సవరణ చేర్చారు. రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని అధికారిగానో సభ్యుడిగానో ప్రమాణం చేసి, పిదప తిరుగుబాటులో పాల్గొన్నవాడు మళ్ళీ పదవి చేపట్టరాదని అందులోని మూడవ విభాగం చెబుతుంది. న్యాయస్థానం శిక్ష వేసి ఉండాలన్న నియమం అందులో లేదు. ఆ నిషేధాన్ని కాంగ్రెసు మూడింట రెండువంతుల ఓటుతో తొలగించవచ్చు. 1872లో క్షమాభిక్ష చట్టంతో చాలామందికి తొలగించారు కూడా. ఈ విభాగం కిందనే 2023 డిసెంబరులో కొలరాడో సుప్రీంకోర్టు ట్రంపును అనర్హుడన్నది. 2024 మార్చి 4న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, కేంద్ర పదవుల విషయంలో ఆ అధికారం రాష్ట్రాలది కాదన్నది.

మన రాజ్యాంగ నిర్మాతలు అటువంటి నిబంధన వ్రాయలేదు. 102, 191 అధికరణాలలో మతిస్థిమితం, దివాలా, పరాయి పౌరసత్వం, లాభదాయక పదవి ఉన్నాయి, తిరుగుబాటు లేదు. మిగిలినదంతా పార్లమెంటు చేసే చట్టానికి వదిలారు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదవ సెక్షను కోర్టు శిక్షను గీటురాయి చేసుకున్నది. ముందుజాగ్రత్త నిర్బంధం శిక్ష కాదు గనుక దానివల్ల అనర్హత రాదు. ఈ చిన్న తేడాలోనే మన చరిత్రలో ఒక పెద్ద ఘట్టం ఇమిడి ఉన్నది.

తెలంగాణ సాయుధ పోరాటం నిజాముపై మొదలై, 1948 సైనికచర్య తర్వాత భారత ప్రభుత్వంపై సాగి, 1951 అక్టోబరులో విరమించబడింది. కొద్ది నెలలకే తొలి సార్వత్రిక ఎన్నికలు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం తొలగలేదు. అందువల్ల ఆ అభ్యర్థులు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేర నిలబడ్డారు. పార్టీని నిషేధించిన రాజ్యమే దాని మనుషుల నామినేషన్లను స్వీకరించింది! నల్లగొండలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. నెహ్రూకు వచ్చినవి 2,33,571. ఇద్దరివీ ద్విసభ్య నియోజకవర్గాలే గనుక పోలిక న్యాయమైనదే. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న మా కడప కూడా ఆ ఏడు కమ్యూనిస్టు యెద్దుల ఈశ్వరరెడ్డిని లోకసభకు పంపింది.

దీనిని ప్రభుత్వ ఔదార్యమని పొగడటం నాకు సమ్మతం కాదు. శిక్ష పడినవారికి తలుపు మూసే ఉన్నది. పోరాటంలో చనిపోయినవారి ఊసు సరేసరి. అయినా అమెరికా విభాగాన్నే ఇక్కడికి తెచ్చినా, రాజ్యాంగం పేర అంతకుముందు ఏ ప్రమాణమూ చేయని గెరిల్లా దళ సభ్యులకు అది అంటదు. అది మాట తప్పినవాడికే గాని, మాట ఇవ్వనివాడికి కాదు. ఈ తర్కం నాకు నచ్చుతుంది.

మన పార్లమెంటు వేరే దారి పట్టింది. ద్రావిడ దేశం వేరుపడాలన్న వాదం నేపథ్యంలో 1963లో పదహారవ సవరణ చేసి, దేశ సార్వభౌమత్వాన్నీ సమగ్రతనూ కాపాడతానన్న ప్రమాణాన్ని అభ్యర్థిగా ఉండగానే చేయాలన్నది. 1967లోనూ 1971లోనూ కడప నుంచి మళ్ళీ గెలిచిన ఈశ్వరరెడ్డి ఓట్లు అడగడానికి ముందు ఆ ప్రమాణం చేసినవారే.