ఇద్దరికీ కలిపి ఒక జత తాళాలు

మే నెల ఎండ ఎనిమిదిన్నరకే నెత్తికెక్కింది. నాగోల్ మెట్రో స్టేషన్‌లో దిగి షేర్ ఆటో ఎక్కితే మూసీ వంతెన మీద అందరి చేతులూ ముక్కుల మీదికి పోతాయి. వంతెన దాటగానే ఆగిన మాటలు మళ్లీ మొదలవుతాయి. చౌరస్తాలో దిగి బండ్లగూడ వైపు కాలనీల్లోకి మళ్లాక దారి ఎవరినీ అడగక్కర్లేదు. చెవిని నమ్ముకుంటే చాలు. రెండో మలుపులో చప్పట్లు వినిపిస్తాయి, మూడో మలుపులో డోలక్. నాలుగో మలుపు తిరిగేసరికి నూట యాభై గొంతులున్నాయేమో అనిపించే అరుపు. పైకెళ్లి చూస్తే అరవై మంది కూడా ఉండరు.

కింద సిమెంటు దుకాణం, షట్టరు సగమే లేచింది. పక్కనున్న ఇరుకు మెట్ల నిండా చెప్పులు. పైన రేకుల కప్పు వేసిన హాలు. ఫ్యాన్లు నాలుగూ తిరుగుతున్నాయి గానీ గాలి మాత్రం కిటికీలోంచే వస్తోంది. జంపఖానాల మీద ముందు వరసల్లో చిన్నవాళ్లు, వెనక మీసాలు మొలుస్తున్నవాళ్లు. గోడకు థర్మకోల్ అక్షరాలు కోసి అంటించారు: ‘సమాధానపడుడి’. చివరి అక్షరం ఒకవైపు ఊడి ఫ్యాను గాలికి ఊగుతోంది. కీబోర్డు దగ్గరున్న అన్న ప్రతి పాటకూ ముందు లేచి దాన్ని ఒత్తి వస్తున్నాడు.

ఇది వీబీఎస్. సెలవుల బైబిలు బడి. ఏప్రిల్ చివర బడులు మూస్తే చాలు, తెలుగు నేల మీద చర్చి ఉన్న ప్రతి వీధిలోనూ ఇది మొదలవుతుంది: పాటలు, కథ, కంఠత వాక్యం, రంగులు వేసే పుస్తకం, చివర ఉప్మానో రస్నానో. 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హాస్ అనే ఆవిడ, సెలవుల్లో వీధిన పడి తిరిగే పిల్లల కోసం ఒక బీరు హాలు అద్దెకు తీసుకుని ఇలాంటి బడి నడిపిందట. దాంతో పోలిస్తే సిమెంటు దుకాణం మీది హాలు ఎంతో మర్యాదైన చోటే.

ఈసారి ఇక్కడ మూడు చర్చిల పిల్లలు కలిశారు. చెప్పడం తేలికే. పాట మొదలయ్యాక తెలుస్తుంది ఎంత కష్టమో. ఒక చర్చివాళ్లు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం చేత్తో పట్టుకుని పెరిగినవాళ్లు. ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి కదా, వాళ్లింట్లో ముసలమ్మలకు కూడా ఆదితాళం చేతివేళ్ల మీద ఉంటుంది. రెండో చర్చివాళ్లది బోధకుడు భక్తసింగ్ గారి హెబ్రోను సంఘాల బాట. ‘సీయోను గీతములు’ వాళ్లకు నోటికొచ్చు, హంగులు పడవు. మూడోవాళ్లకు ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ లేకపోతే ఆరాధనే లేదు. ఒకే పాట ముగ్గురికీ వచ్చు, కానీ ముగ్గురూ మూడు నడకల్లో పాడతారు. కీర్తనలవాళ్లు చరణం చివర సాగదీస్తారు. ప్యాడ్స్‌వాళ్లు అప్పటికే పల్లవికి తిరిగొచ్చేసి ఎదురుచూస్తుంటారు. మధ్యవాళ్లు కళ్లు మూసుకుని ఎవరినీ పట్టించుకోకుండా పాడుకుపోతారు.

“ఆపండి, ఆపండి!” పాటలు నేర్పే అక్క రెండు చేతులూ ఎత్తింది. ప్రైవేటు బడిలో టీచరట, గొంతులోనే తెలుస్తోంది. “మీరు పాడేది మీకు వినపడుతుంది. పక్కోళ్లది వినపడుతుందా?”

“వినపడుతలేదక్కా!” అందరి గొంతుల్లో ఒకటే జవాబు. అందులో మాత్రం శ్రుతి కలిసింది.

అప్పుడు వెనక వరసలో గొడవ. నిజానికి నిన్నటి గొడవ, ఇవాళ మిగిలింది. ఆకుపచ్చ టీషర్టు పిల్లాడు, గళ్ల చొక్కా పిల్లాడు. నిన్న రస్నా దగ్గర తోపులాటలో ఒకడు రెండోవాణ్ణి కులం పేరుతో కలిపి ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. పదకొండేళ్లవాడికి అది సొంతంగా పుట్టదు. ఎవరో పెద్దవాళ్లు అన్నం తింటూ అని ఉంటారు, వీడు విని దాచుకుని ఉంటాడు. ఇద్దరూ చర్చికెళ్లే ఇళ్ల పిల్లలే. అదే అసలు సంగతి. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషను ఎక్కువగా మాదిగపల్లెల్లో పెరిగింది, గుంటూరు వైపు లూథరన్ మిషను ఎక్కువగా మాలపల్లెల్లో. ఆ గీతలు ఊళ్లలోనే ఆగలేదు, బస్సెక్కి పట్నం వచ్చాయి, అపార్ట్‌మెంట్లలోనూ బస్తీల్లోనూ దిగాయి.

“వాడే ఫస్ట్ అన్నడక్కా.”

“నేనేమన్న? నువ్వు నూకలేదా?”

అక్క తీర్పు చెప్పలేదు. బీరువా పక్కనున్న సంచీలోంచి ఇత్తడి తాళాల జత తీసి, ముడి విప్పి, ఒకటి వాడికీ ఒకటి వీడికీ ఇచ్చింది. “ఈ పూట పాటలన్నిటికీ తాళం మీ ఇద్దరిదే. వేరే జత లేదు.”

నాకు ఇది కాస్త నాటకంగా అనిపించింది, ఒప్పుకుంటాను. ఇలాంటి ఉపాయాలు పాఠ్యపుస్తకాల్లో బాగుంటాయి, పిల్లల దగ్గర చెల్లవు. అనుకున్నట్టే మొదటి పాటకు ఆకుపచ్చవాడు తన తాళాన్ని కదలకుండా పట్టుకున్నాడు. గళ్లచొక్కావాడు దాని మీద పగబట్టినట్టు బాదాడు. ఖణేల్మని మోగింది, ముందు వరసలో చిన్నపిల్ల చెవులు మూసుకుంది. రెండో పాటలో ఇద్దరూ ఒకేసారి కదిపి, అంచు తప్పి, వేళ్లు నలగ్గొట్టుకున్నారు. “ఒరే, జర మెల్లగ!” “నువ్వు ఆగు మరి!” మూడో పాట కీర్తన. నడక నెమ్మది. దెబ్బకూ దెబ్బకూ మధ్య చాలా ఖాళీ, ఆ ఖాళీలో ఎదుటివాడి చేతిని చూడటం తప్ప వేరే పనిలేదు. నాలుగో ఆవర్తానికి కుదిరింది. ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్ల మీద కూర్చుని, పెదాలు బిగించి, లెక్క తప్పకుండా కొడుతున్నారు. ముఖాల్లో ప్రేమ ఏమీ లేదు. తాళం తప్పకూడదన్న పట్టుదల మాత్రం ఉంది.

వాళ్లు తాళం వేస్తున్న ఆ బాణీ ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే తమాషాగా ఉంటుంది. తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యుల్లో ఒకరైన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. ఆయన కట్టిన కీర్తనల్ని గుండె నిండా పెట్టుకుని నూట యాభై ఏళ్లు కాపాడినవాళ్లలో ఎక్కువమంది దళితవాడల తల్లులు, తాతలు. అగ్రహారానికీ వాడకూ మధ్య ఎన్ని అడ్డుగోడలున్నా పాట మాత్రం దాటింది. మనుషులు దాటారా అంటే, అది వేరే లెక్క.

పదిన్నరకు తరగతులు విడిపోతాయి. బిగినర్స్ వరండాలోకి, ప్రైమరీ మెట్ల పక్కకు. మనం సీనియర్ల దగ్గర కూర్చుందాం. ఇక్కడ ఇవాళ మిషనరీ కథ. తెల్లదొర కథ కాదు. గోడకు తగిలించిన ప్రపంచపటం మీద సండే స్కూలు అన్న స్కేలుతో నెల్లూరు నుంచి గీత గీశాడు, హిందూమహాసముద్రం మీదుగా, దక్షిణాఫ్రికా తూర్పు తీరం దాకా.

“1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ వెళ్లింది. చెరకుతోటల్లో కూలికి మనవాళ్లను తీసుకుపోయారు. తమిళులు, తెలుగువాళ్లు. వాళ్లలో బాప్టిస్టులూ ఉన్నారు. మాకొక బోధకుణ్ణి పంపండి, తెలుగులో ఆరాధన కావాలి అని ఇక్కడికి ఉత్తరం రాశారు. ఎవరు వెళ్లారు?”

జవాబు లేదు. అన్నే చెప్పాడు: జాన్ రంగయ్య. ఇక్కడి తెలుగు బాప్టిస్టులు తమ కానుకలతో పంపిన మనిషి. 1903లో నటాల్ చేరాడు. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర తెలుగు సంఘం మొదలైంది.

“ఆయనకు వాళ్ల భాష వచ్చా అన్నా?” ఒక అమ్మాయి అడిగింది.

“వెళ్లింది తెలుగువాళ్ల దగ్గరికే కదమ్మా.”

“మరి అక్కడి నల్లోళ్లు?”

అన్న స్కేలు దించాడు. మంచి ప్రశ్న అది, కథల పుస్తకంలో జవాబు లేని ప్రశ్న. పుస్తకంలో ఉండని ఇంకో సంగతి కూడా ఆయన దాచలేదు: సముద్రం దాటి వెళ్లి కట్టుకున్న ఆ సంఘమే 1914లో రెండుగా చీలింది, మరుసటి ఏడాది రంగయ్య కన్నుమూశాడు. పిల్లలకు విజయగాథలే చెప్పాలనే పెద్దలు చాలామంది ఉన్నారు. ఈ అన్న ఆ బాపతు కాదు, అందుకే వెనకవరస కుర్రాళ్లు ఫోన్లు తీయకుండా వింటున్నారు.

తర్వాత ఆయన అదే దేశం సంగతి ఇంకొకటి ఎత్తుకున్నాడు. 1897లో జోహానెస్‌బర్గ్ దగ్గర ఒక మెథడిస్టు మిషను బడిలో ఇనాక్ సొంటొంగా అనే నల్లజాతి మాస్టారు తన బడిపిల్లల గాయకబృందం కోసం ఒక ప్రార్థనాగీతం కట్టాడు. బడి పిల్లల పాట. అది చర్చిలకు పాకింది, స్వాతంత్ర్య పోరాటానికి గొంతయింది. వర్ణవివక్ష ప్రభుత్వానికి వేరే జాతీయగీతం ఉండేది, ఆఫ్రికాన్స్ భాషలో. 1994లో పాలన మారేటప్పుడు రెండింట్లో ఏది ఉంచాలి? ముందు రెండింటినీ ఉంచారు. 1997లో రెండింటి ముక్కలూ కుట్టి ఒకే గీతం చేశారు. ఖోసా, జులు, సెసోతో, ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు, మొత్తం ఐదు భాషలు. నిన్నటిదాకా తుపాకీ పట్టుకున్నవాడి పాటను కూడా పాడితేనే పాట పూర్తవుతుంది.

అన్న చెప్పనిది ఒకటుంది, పిల్లలకు బరువనుకున్నాడేమో. 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్ నగరంలో డెస్మండ్ టూటూ అధ్యక్షతన సత్యశోధన, సయోధ్య కమిషన్ విచారణ మొదలైన రోజుల్లో, నోమొండే కలాటా సాక్ష్యం చెబుతూ ఒక్క కేక పెట్టింది. ఆమె భర్త ఫోర్ట్ కలాటాను 1985లో భద్రతా పోలీసులు చంపారు. ఆ కేకకు విచారణ ఆగిపోయింది. మళ్లీ కూర్చున్నప్పుడు ఆర్చిబిషప్పు ముందు మాట్లాడలేదు, పాట ఎత్తుకున్నాడు. సభ అంతా అందుకుంది. ఆ పాటతో ఆమెకు న్యాయం జరగలేదు. విచారణ కొనసాగింది, అంతే. పాట చేయగలిగింది ఎంతో, చేయలేనిది ఎంతో రెండూ ఆ గదిలోనే కనిపిస్తాయి. పాడితే పగలు పోతాయనే మాట నేను నమ్మను. పాడుతున్నంతసేపు పక్కవాడి ఊపిరి వినక తప్పదు. పిల్లల బడిలో అదే కావలసిన పని.

పదకొండున్నర. అందరూ మళ్లీ హాల్లో. ముగింపు రోజు పాట మీద మల్లగుల్లాలు. ఆ దక్షిణాఫ్రికా కథ వెనకనుంచి ఎవరి బుర్రలోకో దూరినట్టుంది. “అక్కా, మనం కూడా మూడు కలిపి పాడుదాం” అన్నారు. పల్లవి కీర్తనలో, మధ్య చరణం వాయిద్యం లేకుండా గొంతులతో, చివర ప్యాడ్స్. మొదటిసారి ఘోరం. అతుకుల దగ్గర రైలు పెట్టెలు గుద్దుకున్నట్టుంది. రెండోసారి కీర్తనలోంచి గొంతులకు మారే చోట కీబోర్డు అన్న చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మూడోసారి ప్యాడ్స్ కుర్రాడు చేతులు దురదపెడుతున్నా తన వంతు వచ్చేదాకా కర్రలు చంకలో ఇరికించుకుని నిలబడ్డాడు.

ఇంతలో మెట్ల మీద పక్కింటి పెద్దావిడ. నుదుట కుంకుమ, చేతిలో స్టీలు గిన్నె. సౌండు తగ్గించమని చెప్పడానికి వచ్చిందేమోనని పాస్టరమ్మ గబగబా ఎదురెళ్లింది.

“ఏం లేదమ్మా, మా మనవరాలు నీళ్ల బాటిల్ మర్చిపోయింది. ఇది పులిహోర, టీచర్లకు.” తర్వాత కొంచెం గొంతు తగ్గించి, “ఆ డప్పులది మాత్రం రెండింటిదాకా ఆపరాదూ, మా ఆయన పడుకుంటడు.”

ఆపారు. సయోధ్యకు ఇంతకంటే చక్కటి షరతు ఎవరూ పెట్టలేరు.

పిల్లలు ఉప్మా ప్లేట్లు పట్టుకుని చెదిరారు. ఆకుపచ్చ టీషర్టు, గళ్లచొక్కా చెరో మూల కూర్చున్నారు, ఎవరి గుంపు వాళ్లది. తాళాలు మాత్రం సంచీలోకి పోలేదు. ఆకుపచ్చవాడి జేబు బరువుగా వేలాడుతోంది. ముడి ఎవరు వేస్తారని అక్క అడిగితే ఇద్దరూ “వాడు” అన్నారు.

ఇక్కడికి దగ్గరలోనే ఫతుల్లాగూడలో హిందువులకూ ముస్లింలకూ క్రైస్తవులకూ పక్కపక్కనే అంతిమ సంస్కారాలకు ఏర్పాటు చేసిన ప్రాంగణం ఉంది. అంతదూరం పోయాక కలవడంలో మనవాళ్లకు ఇబ్బంది తక్కువ. బతికున్నప్పుడు ఒకే బల్ల దగ్గర కూర్చోవడమే కష్టం. రుజువు కావాలంటే హాలు వెనక చిన్నగదిలోకి తొంగిచూడండి. ముగ్గురు అయ్యగార్లు టీ తాగుతూ ముగింపు రోజు ఇచ్చే సర్టిఫికెట్ల మీద ఎవరి సంతకం ముందుండాలో మాట్లాడుకుంటున్నారు. చాలా మర్యాదగా, “మీరు పెద్దవారు, మీదే ముందు” అని ఒకరు, “హాలు మీది కదా బ్రదర్” అని ఒకరు, ఎవరూ వెనక్కి తగ్గకుండా. చివరికి సండే స్కూలు అన్న వెళ్లి, “చర్చిల పేర్లు అక్షరక్రమంలో వేద్దాం అయ్యగారూ, ఏ గొడవా ఉండదు” అన్నాడు. ముగ్గురూ తలలూపారు. కాసేపాగి ఒకాయన కప్పు కింద పెట్టి అడిగాడు:

“తెలుగు అక్షరాలా, ఇంగ్లీషువా?”