శిక్షణలో గాయపడిన ఫైర్‌మన్‌కు జీతం ఎవరు ఇవ్వాలి?

మండుతున్న ఇంట్లోకి వెళ్లి గాయపడిన ఫైర్‌మన్‌కు పూర్తి జీతం ఇవ్వాలంటే ఎవరూ కాదనరు. అదే ఫైర్‌మన్ కొత్తగా చేరినవాళ్లకు మంటలార్పడం నేర్పిస్తూ గాయపడితే? అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో దీనికి జవాబు అంత సులువు కాదు.

శిక్షణలోనూ ప్రాణాపాయమే

అకాడమీలో నిజమైన మంటలు పెట్టే నేర్పిస్తారు. వేడి, పొగ, నిచ్చెనలు, బరువైన పైపులు అన్నీ అసలువే. 1982లో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో ఇలాంటి శిక్షణలోనే ఇద్దరు ఫైర్‌మన్లు చనిపోయారు. ఆ తర్వాత 1986లో ఎన్‌ఎఫ్‌పీఏ 1403 అనే భద్రతా ప్రమాణం వచ్చింది.

ఒకే మనిషి, రెండు ఉద్యోగాలు

మసాచుసెట్స్ ఫైర్‌ఫైటింగ్ అకాడమీ స్టో పట్టణంలో ఉంది. దాన్ని నడిపేది రాష్ట్ర ప్రభుత్వం. అక్కడ పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది వేరే ఊళ్లలో రెగ్యులర్ ఫైర్‌మన్లే. సెలవు రోజుల్లో వచ్చి నేర్పిస్తారు. ఆ గంటలకు కూలి ఇచ్చేది రాష్ట్రం, నెలనెలా జీతం ఇచ్చేది సొంత ఊరి మున్సిపాలిటీ. చిక్కంతా ఇక్కడే ఉంది.

రెండు చట్టాల మధ్య తేడా

రాష్ట్ర చట్టంలోని 41వ అధ్యాయం, సెక్షన్ 111ఎఫ్ ప్రకారం, తన తప్పు లేకుండా డ్యూటీలో గాయపడిన ఫైర్‌మన్‌కు కోలుకునేదాకా లేదా రిటైరయ్యేదాకా జీతం కోత లేకుండా సెలవు ఇస్తారు. అయితే ఇది ఊరి డ్యూటీకి వర్తించే రక్షణ. అకాడమీలో పని రాష్ట్రం కింద జరిగింది కాబట్టి, తమకు సంబంధం లేదని ఊరు అనే వీలుంది.

అప్పుడు మిగిలేది 152వ అధ్యాయం, అంటే మామూలు కార్మికుల నష్టపరిహార చట్టం. పూర్తిగా పని చేయలేని స్థితిలో సాధారణంగా సగటు వారం వేతనంలో 60 శాతం, గరిష్ఠంగా 156 వారాలు ఇస్తారు. 21 రోజుల్లోపే కోలుకుంటే మొదటి 5 రోజులకు ఏమీ రాదు.

రెండుచోట్ల పని చేసేవాళ్లకు, ఈ చట్టం కింద బీమా ఉన్న యజమానులిచ్చే వేతనాలే లెక్కలోకి వస్తాయి. ఫైర్‌మన్లు సాధారణంగా ఈ చట్టం బయట ఉంటారు. అందుకే ఊరి జీతం లెక్కలోంచి జారిపోయే ప్రమాదం ఉంది.

ఉదాహరణకు, ఊరి జీతం వారానికి 1,500 డాలర్లు, అకాడమీ సంపాదన 300 అనుకుందాం. అకాడమీ కూలిని మాత్రమే లెక్కిస్తే చేతికొచ్చేది 300 డాలర్లకు మించదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, అప్పుల వాయిదాలు మాత్రం 1,500 జీతాన్ని నమ్ముకునే ఉంటాయి.

న్యాయం ఎలా జరగాలి?

అకాడమీలో తగిలిన గాయాన్ని కూడా డ్యూటీలో గాయంగానే పరిగణించాలని చట్టంలో స్పష్టంగా రాస్తే సమస్య తీరుతుంది. ఊరిపై భారం పడకుండా ఆ ఖర్చును రాష్ట్రం భరించవచ్చు. అక్కడ శిక్షణ పొందినవాళ్లు పనిచేసేది రాష్ట్రమంతటా ఉన్న ఊళ్లలోనే కదా.

ఆ మార్పు వచ్చేలోపు, నేర్పడానికి ఒప్పుకునేముందు ఫైర్‌మన్ అడగాల్సినవి మూడు: గాయమైతే జీతం ఎవరిస్తారు? ఏ వేతనం ఆధారంగా లెక్క కడతారు? ఎంతకాలం ఇస్తారు? జవాబులు రాతపూర్వకంగా తీసుకుంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఇంట్లోవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగే అవస్థ తగ్గుతుంది.