తెలుగు తెరపై గూఢచారి

తెలుగులో తొలి గూఢచారి చిత్రంగా పేరు పడిన 'గూఢచారి 116' 1966 ఆగస్టు 11న విడుదలైంది. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ. దర్శకుడు ఎం. మల్లికార్జునరావు. కథానాయకుడు అప్పటికి రెండు సినిమాలే వయసున్న కృష్ణ, నాయిక జయలలిత. సంగీతం టి. చలపతిరావుది, రచన ఆరుద్రది. జేమ్స్‌బాండ్‌ను చూసి తీసిన సినిమా అని ఒక్క మాటలో తేల్చేయడం అలవాటైపోయింది. ఆ మాటలో అబద్ధం లేదు కానీ అసలు కథలో అది సగమే. ఆ సినిమా తీసినవారు లండన్ వైపు ఎంత చూశారో, మద్రాసు స్టూడియోల్లో అప్పటికే నడుస్తున్న పౌరాణిక, జానపద చిత్రాల పనితనం మీద అంతకంటే ఎక్కువగా ఆధారపడ్డారు.

బాండ్ వరస 1962లో 'డాక్టర్ నో'తో మొదలైంది. 1964లో వచ్చిన 'గోల్డ్‌ఫింగర్' నాటికి ప్రపంచమంతా అంకెల పేర్లున్న గూఢచారులు పుట్టుకొచ్చారు. నిజానికి అంకెల సరదా బాండ్‌కూ ముందుదే. ఫ్రెంచి రచయిత జాన్ బ్రూస్ 1949లోనే ఓఎస్ఎస్ 117 అనే గూఢచారిని నవలల్లోకి తెచ్చాడు, ఆ పాత్ర 1960లలో తెర మీద కూడా వరసగా కనిపించింది. 117 పక్కన 116ను చూస్తే తెలుగు నిర్మాతల చూపు ఏ ఏ వైపులకు తిరిగిందో తెలిసిపోతుంది. అయితే ఈ విదేశీ చిత్రాలు పెద్ద ఊళ్లలో ఉదయం ఆటలకు, ఇంగ్లిషు తెలిసిన కొద్దిమందికే పరిమితం. కోస్తా పల్లెల్లోనూ తెలంగాణ తాలూకా కేంద్రాల్లోనూ టికెట్టు కొనే మనిషికి బాండ్ అనేది విన్న పేరే తప్ప చూసిన బొమ్మ కాదు.

ఆ మనిషికి తెలిసిన గూఢచారి డిటెక్టివ్ నవలలో ఉన్నాడు. బెంగాలీ నుంచి వచ్చిన పాంచకడీ దే అపరాధ పరిశోధన కథల అనువాదాలతో మొదలైన ఈ చదువు, 1950లు, 60లు వచ్చేసరికి అద్దె పుస్తకాల దుకాణాల వ్యాపారానికి మూలాధారమైంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఇంటింటా పరిచయస్తులు. టెంపోరావు, విశ్వప్రసాద్ లాంటి రచయితలకు వేరే పాఠకులుండేవారు. 'గూఢచారి 116'కు కలం పట్టిన ఆరుద్ర కూడా ఈ దారి తెలిసినవాడే. 'త్వమేవాహం' రాసిన కవిగా, 'సమగ్రాంధ్ర సాహిత్యం' కూర్చిన పరిశోధకుడిగా ఆయన్ను తలచుకునేవారు 'పలకల వెండిగ్లాసు' లాంటి డిటెక్టివ్ నవలను తరచు మరిచిపోతారు. సినిమావాళ్లు మాత్రం మరిచిపోలేదు. గూఢచారి కథకు మాటలు కావలసి వచ్చినప్పుడు ఆయన దగ్గరికే వెళ్లారు. ఐదేళ్ల తరవాత కౌబాయ్ కథకూ ఆయన్నే వెతుక్కుంటూ వచ్చారు.

ఇక చిత్రీకరణ సంగతి. ఈ సినిమాకు ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్. ఆయన తెలుగులో అడుగుపెట్టింది 1961లో, ఎన్.టి. రామారావు తీసిన 'సీతారామ కళ్యాణం'తో. రావణుడు కైలాసాన్ని ఎత్తడం, పది తలలతో నిలబడడం అందులో జనాన్ని నివ్వెరపరిచిన దృశ్యాలు. అప్పటి మాయాదృశ్యాలకు ప్రత్యేక యంత్రాలేమీ లేవు. పనంతా కెమెరాలోనే జరగాలి. చట్రంలో కొంత భాగాన్ని నల్లని మూతతో కప్పి మిగతాది తీస్తారు. నెగటివ్‌ను లెక్క ప్రకారం వెనక్కి తిప్పి, ఈసారి తీసిన భాగాన్ని కప్పి, ఖాళీ వదిలిన చోట మళ్లీ తీస్తారు. ఒక్కొక్క తలకు ఒక్కొక్కసారి ఇలా చేయాలి. కెమెరా రవ్వంత కదిలినా, ఫ్రేముల లెక్క ఒక్కటి తప్పినా చేసినదంతా వృథా, మళ్లీ మొదటికి రావాలి. ముద్ర పడిన నెగటివ్ ప్రయోగశాల నుంచి తిరిగి వచ్చేదాకా అది కుదిరిందో లేదో కూడా తెలియదు.

1965లో ఇదే నహతా, డూండీ ద్వయం 'వీరాభిమన్యు' తీసింది. కెమెరా నగాయిచ్‌దే. అభిమన్యుడు శోభన్‌బాబు, కృష్ణుడు ఎన్.టి. రామారావు. పద్మవ్యూహాన్నీ విశ్వరూపాన్నీ తెరకెక్కించిన సంస్థే మరుసటి ఏడాది గూఢచారి కథ చేపట్టింది. చక్రాలు, బాణాలు పోయి పిస్తోళ్లు, రహస్య కెమెరాలు వచ్చాయి. వాటిని నమ్మించే చేతులు మాత్రం మారలేదు. అభిమన్యుడిగా అంత పేరు తెచ్చుకున్న శోభన్‌బాబు ఇందులో కథ మొదట్లోనే కనుమరుగయ్యే చిన్న వేషం వేశాడు. అప్పటి తారల లెక్కలు అలా ఉండేవి.

జానపద చిత్రాలతో ఈ కథకున్న చుట్టరికం ఇంకా దగ్గరిది. మారువేషంలో శత్రువు కోటలోకి చొరబడే రాజకుమారుడు, వెంట నవ్వించే నేస్తం, గుహలో కూర్చుని లోకాన్ని ఏలాలనుకునే మాంత్రికుడు, అతని బందీగా ఒక అమ్మాయి లేదా ఆమె తండ్రి. 'పాతాళభైరవి' నాటి నుంచి విఠలాచార్య చిత్రాల దాకా ప్రేక్షకుడికి కంఠతా వచ్చిన వరస ఇది. గుహ ఉన్న చోట ఎర్రదీపాలు, మీటలు, వాటంతట అవే తెరుచుకునే తలుపులున్న డెన్ వచ్చింది. మాంత్రికుడి చోట విదేశీ కుట్రదారు వచ్చాడు. అతని అనుచరులుగా అదే రాజనాల, అదే ముక్కామల వంటి జానపద ప్రతినాయకులు కనిపించారు. కత్తియుద్ధం ముష్టియుద్ధమైంది. కొత్త రకం సినిమా అనుకుని హాల్లోకి వెళ్లిన జనం పది నిమిషాల్లో కథతో కుదురుకోగలిగింది ఇందుకే.

కృష్ణ ఎంపిక గురించి సినిమా లోకంలో ఒక కథ స్థిరపడింది. ఆదుర్తి సుబ్బారావు 1965లో కొత్తవాళ్లతో తీసిన 'తేనె మనసులు' పతాక ఘట్టంలో కృష్ణ స్కూటర్ మీద వెంటాడుతూ, స్కూటర్ వదిలేసి కారు మీదికి దూకుతాడు. డూప్ లేకుండా చేసిన ఆ సాహసం చూసే డూండీ తన గూఢచారి ఇతనే అనుకున్నాడంటారు. నటనలో అప్పటికి పెద్ద అనుభవం లేని యువకుడిని తీసుకోవడం వెనుక వ్యాపార లెక్క కూడా ఉండే ఉంటుంది. రామారావుకు గాని నాగేశ్వరరావుకు గాని అప్పటికి ఏర్పడిన బింబం ఈ కథకు అడ్డం వచ్చేది. ప్రేక్షకుడి మనసులో కృష్ణకు ఇంకా ఏ రూపమూ లేదు కాబట్టి ఏజెంట్ 116 గోపీయే అతని రూపమైపోయాడు. 'ఆంధ్రా జేమ్స్‌బాండ్' అన్న బిరుదు చివరిదాకా వెంట వచ్చింది.

కథ సూటిగా ఉంటుంది. దేశద్రోహుల రహస్యాలు కూపీ లాగిన ఏజెంట్ 303 హత్యకు గురవుతాడు, అతని స్థానంలో 116 వస్తాడు. కుట్ర వెనుక ఉన్నవారిని పట్టుకునే క్రమంలో ప్రేమలో పడతాడు, ఆ ప్రేమకూ కుట్రకూ ముడిపడుతుంది. బాండ్‌కు తల్లి లేదు, ఇల్లు లేదు, పెళ్లి ఆలోచన లేదు. తెలుగు గూఢచారి మాత్రం ఒక్క అమ్మాయినే ప్రేమించి, యుగళగీతాలు పాడి, చివరికి ఆమెకే దక్కుతాడు. బాండ్‌లోని విలాసాన్ని క్లబ్బు డాన్సులకూ ప్రతినాయకుడి పక్కనుండే స్త్రీ పాత్రలకూ పంచిపెట్టి, హీరోను మంచి అల్లుడిగా మిగల్చడం ఈ చిత్రాలన్నింటికీ సూత్రమైంది.

కాలం కూడా కలిసొచ్చింది. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్థాన్ యుద్ధం జనం మనసుల్లో పచ్చిగా ఉన్నాయి. దేశం లోపల శత్రువుకు పనిచేసేవారున్నారన్న అనుమానం పత్రికల్లోనూ రచ్చబండల మీదా మాట్లాడుకునే సంగతే. సినిమా శత్రుదేశం పేరు మాత్రం ఎత్తదు. సెన్సారు భయం అందుకు ఒక కారణం, ఊహకు వదిలేస్తేనే బలమెక్కువ అన్నది మరొకటి. గూఢచారి ఏ శాఖ ఉద్యోగి అన్నది కూడా ఈ చిత్రాల్లో మసకగానే ఉంటుంది. విదేశీ గూఢచర్యానికి ప్రత్యేకంగా 'రా' ఏర్పడింది 1968 సెప్టెంబరులో. 'గూఢచారి 116' నాటికి ఆ పేరే లేదు. అందుకే అప్పటి రచయితలు 'సీఐడీ' అన్న ఒక్క మాట కిందే పోలీసునూ పరిశోధకుడినీ గూఢచారినీ సర్దేశారు.

సినిమా విజయం తెలుగుతో ఆగలేదు. అదే నిర్మాతలు 1967లో దాన్ని హిందీలో 'ఫర్జ్'గా తీసి, దర్శకత్వం నగాయిచ్‌కు అప్పగించారు. ఆయనకు దర్శకుడిగా అదే తొలి చిత్రం. జితేంద్రను నిలబెట్టింది, తెల్లబూట్ల గంతుల హీరోగా మార్చింది అదే. గోపి అక్కడ గోపాల్ అయ్యాడు, 116 అంకె అలాగే ఉంది. 1973లో 'కీమత్'లో ఆ ఏజెంట్ 116 గోపాల్‌గా ధర్మేంద్ర నటించాడు. 1979లో 'సురక్షా', 1981లో 'వార్‌దాత్' తీసి మిథున్ చక్రవర్తిని గన్‌మాస్టర్ జి-9గా నిలబెట్టింది కూడా నగాయిచే. హిందీలో చవక బడ్జెట్ గూఢచారి చిత్రాలకు పెద్దదిక్కుగా తలచుకునే దర్శకుడు చేయి తిరిగింది తెలుగు పౌరాణికాల్లో అన్న సంగతి హిందీ అభిమానులకు అంతగా తెలియదు.

పొరుగు భాషలూ ఊరుకోలేదు. తమిళంలో జైశంకర్‌కు ఇలాంటి కథలతోనే 'దక్షిణాది జేమ్స్‌బాండ్' అన్న పేరొచ్చింది. 1968లో ఎం.జి. రామచంద్రన్ 'రహస్య పోలీస్ 115'లో నటించాడు, నాయిక మళ్లీ జయలలితే. అదే ఏడాది కన్నడంలో దొరై-భగవాన్ జంట 'జేడర బలె'తో రాజ్‌కుమార్‌ను సీఐడీ 999గా మార్చింది.

తెలుగులో తరవాతి అధ్యాయం కె.ఎస్.ఆర్. దాస్‌ది. ఎడిటింగ్ గది నుంచి వచ్చిన ఆయనకు ఒక షాటు ఎంతసేపు నిలబడాలో బాగా తెలుసు, తక్కువ డబ్బుతో వేగం పుట్టించడం ఇంకా బాగా తెలుసు. 1971లో కృష్ణతో 'జేమ్స్‌బాండ్ 777' తీశాడు. 1970లో విజయలలితతో 'రౌడీ రాణి', 1972లో అదే నటితో 'లేడీ జేమ్స్‌బాండ్' తీసి, అప్పటిదాకా క్లబ్బు పాటకే పరిమితమైన నటి చేతికి తుపాకి ఇచ్చాడు. వ్యాపారం కోసమే చేసి ఉండవచ్చు, అయినా స్త్రీ పాత్ర కథను ముందుకు లాగిన చిత్రాలు ఆ దశకంలో ఎన్ని అని లెక్క తీస్తే వీటిని తీసిపారేయలేం. ఇదే దాస్, కృష్ణ, ఆరుద్ర కలిసి 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'తో కౌబాయ్‌ను తెచ్చాక గూఢచారి కాస్త వెనకబడ్డాడు. 1978లో 'ఏజెంట్ గోపి', 1981లో 'రహస్య గూఢచారి' వచ్చినా పాత ఊపు లేదు.

ఈ సినిమాల గురించి అభిమానులు మాట్లాడుకున్న తీరుకూ ఒక చరిత్ర ఉంది. 'విజయచిత్ర' మాసపత్రిక పుట్టింది 1966లోనే, 'గూఢచారి 116' వచ్చిన ఏడాదే. పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షికలు, రాబోయే చిత్రాల స్టిల్స్ అభిమానులకు తమలో తాము వాదించుకోవడానికి సరుకు అందించాయి. దర్శకుల గురించి వాదన వచ్చేసరికి కె.వి. రెడ్డి, ఆదుర్తి, ఆ తరవాత బాపు, విశ్వనాథ్ పేర్లు వినిపించేవి. గూఢచారి చిత్రానికొస్తే 'కృష్ణ సినిమా', 'డూండీ సినిమా' అనేవారే తప్ప 'మల్లికార్జునరావు సినిమా' అన్నవారు అరుదు. విమర్శకులు దాస్‌ను కూడా చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. నేల టికెట్టు ప్రేక్షకుడికి ఆ పట్టింపు లేదు. పోస్టరు మీద దాస్ పేరుంటే ఫైట్లకు లోటుండదని అతనికి తెలుసు.

1983లో కోడి రామకృష్ణ చిరంజీవితో 'గూఢచారి నెం.1' తీశాడు. అప్పటికే హీరోకు తగిన కోపం వేరే చోట దొరకసాగింది. అవినీతి రాజకీయ నాయకుడు, ఊరి భూస్వామి, తరవాత్తరవాత ఫ్యాక్షన్ నాయకుడు విదేశీ కుట్రదారు కంటే దగ్గరి శత్రువులయ్యారు. 1986లో జంధ్యాల 'చంటబ్బాయ్' తీసి డిటెక్టివ్‌ను నవ్వులాటలోకి దించాడు. ఒక సినిమా జాతి మీద పేరడీ ఆడిందంటే దాని గంభీరత కరిగిపోయినట్టే. విచిత్రమేమంటే అదే కాలంలో అచ్చులో గూఢచారికి తిరుగులేదు. మధుబాబు రాసిన షాడో నవలలను కుర్రాళ్లు పాఠ్యపుస్తకాల మధ్య దాచుకుని మరీ చదివారు. షాడో తిరిగిన దేశాలు, అతను పేల్చిన కట్టడాలు తెరకెక్కించాలంటే తెలుగు నిర్మాత దగ్గర అంత డబ్బు లేదు. అచ్చుకాగితానికి ఆ చిక్కు లేదు.

మళ్లీ కదలిక 2017 తరవాతే. ఆ ఏడాది కృష్ణ కుమారుడు మహేశ్‌బాబుతో మురుగదాస్ తీసిన 'స్పైడర్' పెద్ద ఖర్చుతో వచ్చి నిరాశపరిచింది. 2018 ఆగస్టు 3న అంతకంటే ఎంతో తక్కువ ఖర్చుతో వచ్చిన 'గూఢచారి' గెలిచింది. దర్శకుడు శశికిరణ్ తిక్క, కథ అందించి నటించింది అడివి శేష్. త్రినేత్ర అనే కల్పిత సంస్థ, శిక్షణ, తండ్రి గురించిన గుట్టు, వీటి చుట్టూ కథ నడుస్తుంది. గోపి అన్న పేరునూ 116 అంకెనూ ఈ సినిమా గౌరవంగా తిరిగి వాడుకుంది. ఇంట్లో మనిషికీ ఉద్యోగంలో గూఢచారికీ మధ్య ఘర్షణను నడిపించడంలో ఇది పాత చిత్రం కంటే చాలా ముందుకెళ్లింది. ఎడిటింగు పదునుతో, రాతలోని మలుపులతో డబ్బు కొరతను కప్పిపుచ్చింది. 2023లో వచ్చిన 'ఏజెంట్', 'స్పై' ఆ కిటుకు పట్టుకోలేక దెబ్బతిన్నాయి. 'గూఢచారి'కి 'జీ2' పేరుతో కొనసాగింపు ప్రకటించారు. దానికి దర్శకుడు మారాడు, శేష్ అలాగే ఉన్నాడు. 2025 ఆగస్టులో విడుదలైన హిందీ చిత్రం 'వార్ 2'లో హృతిక్ రోషన్‌కు ఎదురుగా జూనియర్ ఎన్.టి. రామారావు గూఢచారిగా నటించాడు. 1967లో మద్రాసు నిర్మాతలు తమ కథనూ కెమెరామన్‌నూ హిందీకి తీసుకెళ్లారు. ఈసారి హిందీ సంస్థే తన గూఢచారి వరసలోకి తెలుగు హీరోను పిలిపించుకుంది.