టీ గిన్నెలో థర్మామీటరు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో ఏ టీ అంగడి ముందు నిలబడినా లెక్క ఒకటే: మూడు పొంగులు. పాలు, నీళ్లు, టీ పొడి, చక్కెర, దంచిన అల్లం కలిసి గిన్నె అంచు దాకా లేస్తాయి. అంగడాయన గరిటెతో ఎత్తి పోస్తాడు, నురగ దిగుతుంది, మళ్లీ లేస్తుంది. మూడోసారి లేచాక వడగడతాడు. గడియారం చూడడు, వేడి కొలవడు. అయినా పొద్దున తాగిన టీకీ సాయంత్రం తాగిన టీకీ రుచిలో తేడా రాదు. ఇప్పుడు కొందరి వంటింట్లోకి వచ్చిన డిజిటల్ థర్మామీటరు, టైమరు ఆ పొంగుల లెక్కకు వారసులే.

ఆ లెక్క వయసు పన్నెండు వందల ఏళ్లకు పైమాటే. 8వ శతాబ్దంలో చైనాలో లూ యూ అనే పండితుడు టీ మీద ‘ఛా జింగ్’ అనే గ్రంథం రాశాడు. నీళ్లు కాగడంలో మూడు దశలు చెప్పాడు. చేపకళ్లంత బుడగలు వచ్చి సన్నగా చప్పుడైతే మొదటిది, అప్పుడు కొంచెం ఉప్పు వేయాలి. అంచు వెంట ముత్యాల పేరులా బుడగలు లేస్తే రెండోది. అప్పుడు ఒక గరిటెడు నీళ్లు తీసి పక్కన పెట్టి, టీ పొడి వేయాలి. అలల్లా ఎగిసిపడితే మూడోది. పక్కన పెట్టిన నీళ్లు తిరిగి పోసి ఆ పొంగును అణచాలి. మన అల్లం టీకీ ఆ టీకీ రుచిలో పోలికే లేదు. కానీ కన్నూ చెవీ గరిటే సాధనాలుగా వేడిని అదుపు చేయడం మాత్రం అచ్చంగా అదే.

అంకెలతో కొలవడం ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకు గానీ రాలేదు. ఫారన్‌హీట్ 1714లో పాదరసం థర్మామీటరు చేశాడు. సెల్సియస్ 1742లో నూరు భాగాల కొలత పెట్టాడు. ఆయన మొదట నీళ్లు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టాడు, తర్వాతివాళ్లు దాన్ని తిరగేశారు. అయితే గాజు గొట్టంలో పాదరసం వంటింటికి తగిన వస్తువు కాదు. పగిలితే విషం. పానీయంలో ముంచే ఇవాళ్టి పుల్ల థర్మామీటర్లు చాలావాటి కొసన ఉండేది థర్మిస్టర్ అనే చిన్న పూస. వేడెక్కేకొద్దీ కొన్ని పదార్థాల్లో విద్యుత్తు సులువుగా పారుతుందని శాస్త్రవేత్త ఫారడే 1833లోనే గమనించాడు. ఆ గుణాన్ని 1930లో శామ్యూల్ రూబెన్ వాడుకోదగ్గ పరికరంగా మలిచాడు.

మన టీ మాత్రం వేరే దారిలో పుట్టింది. 20వ శతాబ్దం మొదట్లో తోటల యజమానుల సంఘాలు దేశంలో టీ అలవాటు చేయాలని ఊరూరా ప్రచారం చేశాయి. రైల్వే స్టేషన్లలో అమ్మేవాళ్లు పొడి తగ్గించి, పాలూ చక్కెరా దండిగా పోసి, తమ పద్ధతిలో కాచారు. ప్రచారకులకు అది నచ్చలేదు. జనానికి నచ్చింది. 1930ల మొదట్లో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చింది. అది ఆకును నలిపి, చింపి, గుండ్రటి రవ్వలా చేస్తుంది. ఆ రవ్వ నుంచి గబగబా రంగూ చిక్కదనమూ దిగుతాయి కాబట్టి పాల టీకి సరిగ్గా కుదిరింది.

టైమరు చూపే నిమిషాల లెక్కకు అంతర్జాతీయ ముద్ర 1980లో పడింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ఓ 3103 ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లకు 2 గ్రాముల టీ, 6 నిమిషాలు. అది రుచిగా తాగడానికి రాసిన పద్ధతి కాదు. రకాలను పోల్చి చూసే పరీక్షకుల కోసం రాసింది.

అల్లం టీ గిన్నెలో థర్మామీటరు పుల్ల ముంచి చూడండి. అంకెలు మొదట చకచకా పరుగెడతాయి, 90 దాటాక మందగిస్తాయి, 99, 100 మధ్య ఆగిపోతాయి. మంట ఎంత పెంచినా కదలవు. పెంచిన మంట వేడిని పెంచదు, నీళ్లను ఆవిరి చేస్తుంది, దానితోపాటు అల్లం వాసననూ మోసుకుపోతుంది. అందుకే పాల టీకి థర్మామీటరు కన్నా టైమరు ముఖ్యమని నా నమ్మకం. పొంగు మొదలయ్యాక సన్న మంట మీద నాలుగైదు నిమిషాలు చాలు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టీ వగరును పట్టేసుకుంటుంది కాబట్టి ఒకటి రెండు నిమిషాలు ఎక్కువైనా పాల టీ ఓర్చుకుంటుంది. పాలు లేని టీ ఓర్చుకోదు.

గ్రీన్ టీ దగ్గర థర్మామీటరు నిజంగా అక్కరకొస్తుంది. సలసల మరిగే నీళ్లు పోసి, చేదుగా ఉందని పక్కన పెట్టేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. 70 నుంచి 80 డిగ్రీల మధ్య నీళ్లలో రెండు నిమిషాలు ఉంచితే అదే ఆకు తియ్యటి వాసనతో దిగుతుంది. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, దాని కొలత 42, 43 డిగ్రీలతో సరి. కరోనా రోజుల్లో కొన్న ఇన్‌ఫ్రారెడ్ గన్ను మెరిసే స్టీలు గిన్నె మీద తప్పు అంకె చూపిస్తుంది. లోపలికి ముంచే పుల్లే కావాలి.

అన్నిటికన్నా ఆ పుల్ల అవసరం గ్లాసులో ఉంది. 65 డిగ్రీలు దాటిన పానీయాలు తాగే అలవాటు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే షెడ్లకు టీ ఫ్లాస్కులో వెళ్తుంది. మంచి ఫ్లాస్కులో పోసిన మరిగిన టీ గంట తర్వాత కూడా 65కు పైనే ఉంటుంది. పెద్దవాళ్లు సాసరులో పోసుకుని తాగేవాళ్లు. వెడల్పుగా పరుచుకున్న టీకి గాలి బాగా తగిలి వేడి త్వరగా దిగుతుంది. సాసరు లేని చోట, పోసిన గ్లాసును నాలుగైదు నిమిషాలు పక్కన పెట్టి తాగాలి.