ఎవరి చావు చరిత్రకెక్కుతుంది?

2020 సెప్టెంబర్ 25న గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కన్నుమూశారు. అది కరోనా కాలం. బడులు మూతపడి ఉన్నాయి. ఆ తర్వాతి వారం పిల్లలకు పాఠాలు అందించడానికి ఉపాధ్యాయులం కొందరం నల్లమల అంచున ఉన్న ఒక గూడేనికి వెళ్లాం. చింతచెట్టు కింద కూర్చున్న పిల్లల్లో ఏడో తరగతి చదివే పిల్లవాడు లేచి అడిగాడు: "సార్, బాలు చచ్చిపోతే టీవీలో మూడు దినాలు చూపిచ్చిరి. మా అవ్వ గూడా పోయిన నెల్లో సచ్చిపాయ. అవ్వా పాటలు పాడేదే గదా. ఎవురికీ తెల్దు."

మాకు వెంటనే జవాబు దొరకలేదు. "చావులన్నీ ఒకటే నాయనా" అనొచ్చు. కానీ ఆ పిల్లవాడి కళ్ల ముందు అవి ఒకటిగా లేవు. ఒక చావుకు ప్రభుత్వ లాంఛనాలు జరిగాయి, పోలీసులు గౌరవ వందనం చేశారు. అదే రోజు కరోనాతో పోయిన మిగతావాళ్లు సాయంత్రం బులెటిన్‌లో ఒక అంకె అయ్యారు. బాలు పాట విని పెరిగినవాళ్లమే మేమూ. ఆయన కోసం మేమూ బాధపడ్డాం. అయినా ఆ పిల్లవాడి ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. దానికి జవాబు మన కర్నూలు, కడప చరిత్రలోనే వెతుకుదాం.

మొదట ఒక కళాకారుడి చావు. పాత కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు పోయాడు. అంటే 1503 ఫిబ్రవరి 23. ఐదు వందల ఏళ్లు దాటినా ఆ తిథికి వర్ధంతి జరుగుతూనే ఉంది. ఆ తిథి మనకెలా తెలిసింది? ఆయన కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. ఆ రేకుల మీదే ఆ తిథి కూడా ఉంది. రాగి కొని చెక్కించగల కుటుంబం, దాన్ని దాచగల గుడి ఆ పాటల వెనక ఉన్నాయి. ఆయన పాటలు గొప్పవి కావని మేం అనడం లేదు. ఎంత గొప్ప పాటయినా దాచే చోటు లేకపోతే మిగలదని అంటున్నాం. అదే ఇంట్లో ఆయన భార్య తిమ్మక్క 'సుభద్రా కల్యాణం' రాసింది. ఆమెను తొలి తెలుగు కవయిత్రి అంటారు. ఆమె పోయిన రోజు మాత్రం మా బడి క్యాలెండర్లలో ఎక్కడా లేదు. కళాకారుల చావుల్లోనూ అన్నీ సమానం కాదన్నమాట.

రెండోది, కోవెలకుంట్లలో జరిగిన చావు. అప్పుడు కోవెలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు దాంట్లో కలిసింది. పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంఫిణీ ప్రభుత్వం మీద తిరగబడి, కోవెలకుంట్ల ఖజానా మీద దాడి చేశాడు. ఆయన వెంట నడిచినవాళ్లలో వడ్డె ఓబన్న ఉన్నాడు, బోయలు ఉన్నారు, మన చెంచులూ ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని జనం చూస్తుండగా ఉరితీశారు. ఆయన తలను కోట మీద వేలాడదీశారు. 1877 దాకా, అంటే 30 ఏళ్లు అది అక్కడే ఉంది. ఆ చావు చాలా ముఖ్యమైనదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు లెక్క. జనాన్ని భయపెట్టడానికి దాన్ని వాడుకుంది.

నరసింహారెడ్డి కళాకారుడు కాదు. కానీ ఆయన్ని మిగిల్చింది కళాకారులే. తల ఆ కోట మీద ఎండుతూ ఉంటే రేనాటి పల్లెల్లో ఆయన మీద పాటలు పుట్టాయి. తంగిరాల వెంకటసుబ్బారావు వంటి పరిశోధకులు తర్వాత ఇలాంటి వీరగాథల్ని సేకరించి అచ్చులోకి తెచ్చారు. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. పాటలో పాలెగాడి పేరుంది. ఆ పాటను మొదట కట్టినవాడి పేరేమిటి? ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దాన్ని మోసిన ఆడమనిషి పేరేమిటి? తిరుగుబాటు కేసులో శిక్షపడిన వందమందికి పైగా మనుషుల్లో చెంచుల పేర్లు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? పాట కట్టినవాళ్లు కళాకారులే. కానీ వాళ్లు మామూలు మనుషుల్లాగే పోయారు.

మూడోది ఒక చావు కాదు. కోవెలకుంట్ల కోట మీద నుంచి ఆ తల దిగిన 1877 నాటికి కింద నేల మీద ధాత కరువు నడుస్తోంది. 1876లో వానలు పోయాయి. మద్రాసు రాజధానిలో కరువు గట్టిగా పట్టిన జిల్లాల్లో కర్నూలు, కడప ఉన్నాయి. కరువు ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. అది చాలదని మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి కార్నిష్ వాదించాడు. కొన్ని నెలలకు కూలి కొంత పెంచారు. అప్పటికే చాలామంది పోయారు. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో తొమ్మిది లక్షలకు పైగా జనం ఉన్నారు. 1881 నాటికి ఏడు లక్షల దగ్గరికి పడిపోయారు. దాదాపు నాలుగో వంతు తగ్గారు. అందరూ చనిపోయారని కాదు, వలసపోయి తిరిగిరానివాళ్లూ ఉన్నారు. అయినా ఎక్కువ భాగం ఆకలికి, కలరాకి, జ్వరాలకి పోయినవాళ్లే.

వాళ్లలో ఒక్కరి పేరు కూడా మన పాఠంలో లేదు. అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడకే చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడు. ఆయన మీద పాటలున్నాయి. ఉండాల్సిందే. అన్నం పెట్టినవాడి పేరు మిగిలింది. తినడానికి వరసలో నిలబడినవాళ్ల పేర్లు, ఆ వరసదాకా నడవలేక దారిలో పడిపోయినవాళ్ల పేర్లు మిగల్లేదు. కర్నూలులో నాలుగో వంతు జనం తగ్గినప్పుడు ఆ జనంలో పాట కట్టేవాళ్లు, కథ చెప్పేవాళ్లు కూడా ఉంటారు కదా. ఏడవాల్సినవాళ్లే పోతే ఇక ఏడుపుపాట ఎవరు పాడతారు?

ఇప్పుడు పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. కళాకారుడి ప్రాణం మామూలు మనిషి ప్రాణం కన్నా ఎక్కువ కాదు. ఒక పౌను గింజలు ఇద్దరి ఆకలికీ చాలవు. కానీ కళాకారుడు పోయినప్పుడు ఆయన ఒక్కడే పోడు. ఆయన నోట్లో దాచుకున్న పాతవాళ్లందరూ మరోసారి పోతారు. ఆ నష్టం నిజమే. ఆ నష్టాన్ని పేరుతో కొలవకూడదు, పోయినదానితో కొలవాలి. బాలు పాటలు రికార్డుల్లో వేల సంఖ్యలో ఉన్నాయి. రేపు పుట్టే పిల్లలు కూడా వింటారు. గూడెంలో అవ్వ పాట ఎక్కడుంది? ఆమె గొంతులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ లెక్కన చూస్తే ఎవరూ పట్టించుకోని ఆ చావే మనకు తిరిగి పూడ్చుకోలేని చావు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన గూడేల్లో, తాండాల్లో కళాకారుడు వేరు, మామూలు మనిషి వేరు అనే గీత ఎప్పుడూ గట్టిగా లేదు. పాడే అవ్వే గడ్డలు తవ్వుతుంది. డప్పు కొట్టే మామే తేనెపట్టు కోసం తాడు పట్టుకుని కొండకొనలో దిగుతాడు. ఏ చెట్టు బెరడు ఏ నొప్పికి పనికొస్తుందో తెలిసిన తాత ఒక్క పాట కూడా పాడకపోవచ్చు. ఆయనతో పోయేదీ తక్కువ కాదు.

అందుకే ఉపాధ్యాయులకు, చదువుకున్న మన యువకులకు రెండు పనులు చెప్తున్నాం. మొదటిది, బతికుండగానే చేయాలి. మన పెద్దవాళ్ల పాటల్ని, కథల్ని ఫోన్లో రికార్డు చేయండి. ఎవరు పాడారు, ఏ గూడెం, ఏ తేదీ అని నోటుబుక్కులో రాయండి. పాడినవాళ్ల పేరు లేకుండా పాటను ఎవరికీ పంపొద్దు. పాలెగాడి పాటలో జరిగిన పొరపాటు మన చేతుల్లో మళ్లీ జరగకూడదు.

రెండోది, చావును రాయించాలి. 1969 నుంచి జనన మరణాల నమోదు చట్టం ఉంది. 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర చెప్తే రుసుము లేకుండా నమోదు చేస్తారు. ఏడాది దాటితే పై అధికారి ఉత్తర్వు కావాలి. ఇది కాగితం పనే అనుకోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన భూమి హక్కు వారసులకు దక్కుతుంది. కానీ తల్లి పోయినట్టు కాగితం లేకపోతే కొడుకు పేరు ఎక్కడం కష్టం. ధాత కరువులో పోయినవాళ్లు ఒక అంకె అయ్యారు. నమోదు కాని చావు ఆ అంకెలోకి కూడా రాదు.

ఆ పిల్లవాడితో ఆ రోజు చెట్టు కిందే నోటుబుక్కు మొదటి పేజీలో అవ్వ పేరు రాయించాం. గుర్తున్న పాటలు చెప్పమంటే మూడు చెప్పాడు. మూడోది సగంలో ఆగిపోయింది. మిగతా సగం తెలిసిన మనిషి కోసం చుట్టుపక్కల గూడేల్లో అడిగాం, ఇంకా అడుగుతున్నాం. అవ్వ చావు మాత్రం ఆలస్య రుసుము కట్టి రాయించాం. ఆ కాగితంలో వృత్తి అని ఉన్నచోట ఏం రాయాలని వాళ్ల నాయన అడిగాడు. "కూలి అని రాయి, పాటలు పాడేది అని కూడా రాయి" అన్నాడు పిల్లవాడు.