పేరు బిళ్ల కింద

చరిత్ర అనగానే మనవాళ్లకు కోటలు, ఫర్మానాలు, శాసనాలు గుర్తొస్తాయి. నిజాం నగల లెక్కలు అందరూ చెబుతారు. అదే నగరంలో పొద్దున్నే టిఫిన్ డబ్బా తగిలించుకుని పనికి పోయినవాళ్లు ఏ సైకిలు తొక్కారో, అది ఎక్కడ తయారైందో, ఎన్ని చేతులు మారిందో రాసినవాళ్లు ఎంతమంది? పాత సైకిలు చివరికి పాతసామాన్లవాడి తక్కెడలో పడుతుంది. ఇనుముకు కిలో లెక్కన డబ్బులొస్తాయి. దాని మీద బతికిన మూడు తరాల కథకు లెక్క కట్టేవాడు లేడు.

మా పెద్దల కాలంలో పెళ్లి మాటల దగ్గర మూడు వస్తువుల పేర్లు తప్పక వచ్చేవి. చేతి గడియారం, రేడియో, సైకిలు. జహేజులో ఇచ్చే సైకిలు ఏదైనా ఫరవాలేదనేవాళ్లు కాదు. రాలీయే కావాలి. పిల్ల తండ్రి అప్పు చేసైనా తెచ్చేవాడు. అల్లుడు దాన్ని ఆదివారం కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాడు. పిల్లలు ముట్టుకుంటే దెబ్బలు. అంతటి సైకిలు ముసలిదై, టైర్లు పగిలి, అటకెక్కి, చివరికి హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో నేల మీదికొచ్చింది. దాని పక్కన కుట్టు మిషను తల, ఇత్తడి కుళాయి, అద్దంలేని గడియారం. అమ్మేవాడి మాట ఒక్కటే: "అసల్ ఇంగ్లండ్ మాల్ హై సాబ్."

అలాంటి మాట మీద నేనూ ఒకటి కొన్నాను. ముందు బిళ్ల మీద రాలీ అనే ఉంది. కానీ ఆ బిళ్ల ఒక్కటే సాక్ష్యం కాదు. బిళ్ల పీకి ఇంకోదానికి కొట్టొచ్చు. రంగు మార్చొచ్చు. పేరు మీద పేరు రాయొచ్చు. పాత సైకిలును గుర్తుపట్టడమంటే అది చెప్పుకునే పేరును పక్కనబెట్టి, దాని ఒంటి మీది గుర్తులన్నీ ఒకే మాట చెబుతున్నాయా లేదా అని చూడటమే.

మొదట ఆ బిళ్లనే చూడాలి. ముందు గొట్టానికి అది ఎలా బిగించి ఉంది? దాని కింద ఇంకేమైనా చిల్లులున్నాయా? ఒక్కో కంపెనీ బిళ్లకు చిల్లుల మధ్య దూరం ఒక్కో రకం. కొత్త బిళ్ల పాత చిల్లులకు సరిపోకపోతే రహస్యం అక్కడే బయటపడుతుంది. తరువాత పైడిళ్ల దగ్గరి పెద్ద పళ్ల చక్రం. రాలీది అయితే దానిలో మూడు కొంగ తలలు కోసి ఉంటాయి. బి.ఎస్.ఏ. చక్రంలో ఆ మూడు అక్షరాలే ఉంటాయి. అది తుపాకులు చేసిన కంపెనీ. బర్మింగ్‌హామ్‌లో 1861లో పుట్టింది, దాని గుర్తు మూడు తుపాకులు. రడ్జ్ చక్రం మధ్యలో అరచెయ్యి. చూస్తే మనకు పీర్ల పంజా గుర్తొస్తుంది. దానికీ దీనికీ చుట్టరికం లేదు, అది కంపెనీ గుర్తు. హంబర్‌ను చిమ్టా చూసి పట్టొచ్చు. ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లలో ఒక్కో కాలూ జంట గొట్టాలతో ఉంటుంది.

అయితే ఈ పేర్ల వెనక ఇంకో తిరకాసు ఉంది. రాలీ 1880లలో నాటింగ్‌హామ్‌లో రాలీ స్ట్రీట్ అనే వీధిలో చిన్న వర్క్‌షాపుగా మొదలైంది. వీధి పేరే సైకిలు పేరైంది. ఫ్రాంక్ బౌడెన్ చేతికి వచ్చాక అది పెద్ద ఫ్యాక్టరీ అయింది. తరువాత అది ఒక్కొక్క పేరునే కొనడం మొదలుపెట్టింది. 1932లో హంబర్ సైకిళ్లు, 1943లో రడ్జ్, 1957లో బి.ఎస్.ఏ. సైకిళ్లు. 1960లో రాలీ కూడా ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే ఇంకా పెద్ద కంపెనీలో కలిసిపోయింది. అంటే 1943 తరువాతి రడ్జ్ సైకిలు రాలీ ఇంటి బిడ్డే. చెయ్యి గుర్తు అలాగే ఉంది, ఇల్లు మారింది. కొనేవాడు మాత్రం "నాది రడ్జ్, నీది రాలీ" అని వాదులాడుకుంటూనే ఉన్నాడు.

మరి ఏది మారదు? మర మారదు. పైడిళ్ల ఇరుసు తిరిగే గూడు విప్పితే రెండు వైపులా కప్పులుంటాయి. ఆ కప్పులు బిగిసే మరలను లెక్కపెట్టాలి. ఇంగ్లండులో మిగతా కంపెనీలు అంగుళానికి 24 చుట్ల మర వాడేవి. నాటింగ్‌హామ్ రాలీ తన మామూలు సైకిళ్లకు 26 చుట్లు వాడేది. తన సామాను తన దగ్గరే కొనాలనే లెక్క కావచ్చు, పాత మిషన్ల అలవాటు కావచ్చు, ఫలితం మాత్రం ఒకటే. ఒకదాని కప్పు ఇంకోదానికి పట్టదు. పాత మెకానిక్కులకు ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. కప్పు రెండు చుట్లు తిరిగి ఆగిపోతే "ఏ రాలీ కా నహీ" అని పక్కన పడేసేవాళ్లు. వేళ్లతోనే చదివేవాళ్లు.

వయసు తెలుసుకోవాలంటే వెనక చక్రం హబ్ చూడాలి. మూడు గేర్ల స్టర్మీ ఆర్చర్ హబ్ ఉంటే అదృష్టమే. నాటింగ్‌హామ్‌లోనే 1902లో మొదలైన ఆ కంపెనీ 1936లో ఏడబ్ల్యూ అనే హబ్ తెచ్చింది. దశాబ్దాల పాటు అదే నడిచింది. యుద్ధం తరువాతి కాలం హబ్‌ల మీద జిడ్డు, తుప్పు కిరోసిన్‌తో కడిగితే చిన్న అంకెలు కనిపిస్తాయి. నా సైకిలు హబ్ మీద 53, దాని పక్కన 7. అంటే 1953 జూలై. అది హబ్ పుట్టినరోజు. చక్రం మార్చి ఉంటే సైకిలు పుట్టినరోజు వేరే కావచ్చు. అందుకే అంకెను మరతో, మరను చక్రంతో, చక్రాన్ని బిళ్ల కింది చిల్లులతో సరిపోల్చాలి. నా దానిలో కొంగ తలలు ఉన్నాయి, 26 చుట్ల మర ఉంది, బిళ్ల తన చిల్లుల్లోనే ఉంది. నాలుగు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాయి.

వెనక మడ్‌గార్డు మీద, హ్యాండిల్ దగ్గర కూడా వెతకాలి. ఒకప్పుడు అనేక పట్టణాల్లో సైకిలుకు మునిసిపాలిటీ లైసెన్సు ఉండేది. డబ్బు కడితే చిన్న బిళ్ల ఇచ్చేవాళ్లు. ఆ బిళ్ల దొరికితే ఊరూ దొరుకుతుంది, ఏడూ దొరుకుతుంది. కాగితాలు అడిగేవాళ్లు ఎక్కువైన కాలంలో ఈ విషయం చెప్పుకోవాలి. కాగితం పోయిన వస్తువు కూడా తానెవరో తన ఒంటి మీది గుర్తులతో చెప్పుకుంటుంది. చదవాలన్న ఓపిక ఎదుటివాడికి ఉండాలి.

ఇంగ్లండు సైకిలు ఒక్కటే చరిత్ర అనుకుంటే సగమే చూసినట్టు. స్వాతంత్ర్యం తరువాత దేశంలోనే సైకిళ్లు చేయాలని ప్రభుత్వం పూనుకుంది. 1950లలో దిగుమతులు తగ్గాయి. కలకత్తాకు చెందిన సుధీర్ కుమార్ సేన్ రాలీతో కలిసి ఆసన్‌సోల్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టాడు. అది సేన్ రాలీ. మద్రాసు పక్క అంబత్తూరులో మురుగప్ప కుటుంబం 1949లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి టి.ఐ. సైకిల్స్ మొదలుపెట్టింది. మన ఊళ్ల హెర్క్యులెస్ అక్కడిదే. సోనీపట్‌లో 1951లో అట్లాస్ వచ్చింది. దాని చివరి ఫ్యాక్టరీ సాహిబాబాద్‌లో 2020 జూన్‌లో మూతబడింది. లూధియానాలో 1956లో హీరో వచ్చింది. 1986కల్లా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది.

ఈ హీరో అనే పేరు దగ్గర ఆగాలి. మన పల్లెల్లో పాలవాడి నుంచి పోస్టుమ్యాను దాకా అందరూ తొక్కిన సైకిలు. ఆ పేరు ఎక్కడిది? ముంజాల్ అన్నదమ్ములు ఇప్పటి పాకిస్తాన్‌లోని కమాలియా నుంచి వచ్చినవాళ్లు. మొదట అమృత్‌సర్‌లో, తరువాత లూధియానాలో సైకిలు సామాన్ల వ్యాపారం చేశారు. ఆ కుటుంబంలోని సునీల్ కాంత్ ముంజాల్ 2020లో వచ్చిన తన పుస్తకంలో చెప్పిన సంగతి ఇది. సైకిలు సీట్లు చేసి సరఫరా చేసే కరీందీన్ అనే ముస్లిం వ్యాపారి ఉండేవాడు. అతని సరుకు పేరు హీరో. దేశం ముక్కలైనప్పుడు అతను పాకిస్తాన్ వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నాడు. వెళ్లేముందు స్నేహితుడు ఓం ప్రకాశ్ ముంజాల్‌ను కలిశాడు. నీ సరుకు పేరు మేం వాడుకోవచ్చా అని ఆయన అడిగాడు. కరీందీన్ సరే అన్నాడు.

ఇంతే కథ. పత్రం లేదు, దస్తావేజు లేదు. అటు నుంచి ఊరు వదిలి వచ్చినవాళ్లు, ఇటు నుంచి ఊరు వదిలి పోతున్నవాడు. వాళ్ల మధ్య ఒక పేరు చేతులు మారింది. ముంజాల్ కుటుంబం ఆ మాట దాచుకోకుండా చెప్పుకుంది, అది వాళ్ల పెద్దరికం. కానీ మనలో ఎంతమందికి తెలుసు? కోట్ల సైకిళ్ల ముందు గొట్టం మీద మెరిసిన ఆ పేరు మొదట ఒక సీట్ల సాయిబు పెట్టుకున్న పేరని బడిలో ఎవరైనా చెప్పారా? అతను పోయాడు, అతని పేరు ఇక్కడే ఉండిపోయి దేశమంతా తిరిగింది. బిళ్ల చూసి సైకిలు ఎవరిదో చెప్పేవాళ్లు ఈ కథ ఒకసారి వినాలి.

ఇప్పుడు పాత సైకిళ్లకు మళ్లీ గిరాకీ వచ్చింది. కొన్నవాళ్లు దాన్ని "ఒరిజినల్" చేయాలంటారు. బయటి సామాను పీకేసి, రంగంతా గీకేసి, నల్ల ఎనామిల్ కొట్టి, బంగారు గీతలు గీయిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. నిన్ననే నాటింగ్‌హామ్ నుంచి దిగినట్టుంటుంది. కానీ ఆ సైకిలు ఇక్కడ బతికిన కాలమంతా చెరిగిపోతుంది.

నా సైకిలులో ముందు చిమ్టా లూధియానాది. పై గొట్టం ఒకచోట విరిగితే ఎవరో ఇత్తడి పోసి అతికారు. అతుకు ఎంత నున్నగా ఉందంటే వేలు పెడితేగాని తెలియదు. చైను కవరు మీద రంగు మూడు పొరలు గీకితే ఉర్దూ అంకెల్లో 14 కనిపించింది. ఏదో సైకిల్ టాక్సీ షాపులో పద్నాలుగో నెంబరు బండి. ఒకప్పుడు ఎవరి జహేజులోనో వచ్చిన రాలీయో, కొత్తగా కొన్నదో, తరువాత గంటకింత అని కిరాయికి తిరిగింది. సైకిలు కొనలేనివాడు కూడా ఆ కాసేపు రాలీ తొక్కాడు. పిల్లలు కాళ్లందక కత్తెర తొక్కుడు తొక్కి మోకాళ్లు పగలగొట్టుకున్నారు. ఆ 14ను తుడిచేస్తే మిగిలేది ఇంగ్లండు ఇనుము. చిమ్టా లూధియానాది కాబట్టి సైకిలు నకిలీ అనేవాడికి నా జవాబు ఒకటే. ఆ చిమ్టా లేకపోతే ఈ సైకిలు ఎప్పుడో తక్కెడలో పడేది. ఏడు దశాబ్దాలు ఒకచోట బతికినది ఆ చోటిదే అవుతుంది. అందుకోసం అది తన 26 చుట్ల మరను వదులుకోనక్కర లేదు.

ఆ అతుకు వేసినవాడి పేరు ఎక్కడా లేదు. మన పట్టణాల్లో సైకిలు షాపు, పంక్చరు షాపు, వెల్డింగు షాపు అంటే చాలాచోట్ల ఒక భాయ్ షాపే. ముస్లింలు నౌకరీల్లో తక్కువ, సొంత చేతిపనుల మీద ఎక్కువ బతుకుతున్నారని సచార్ కమిటీ 2006లో లెక్కలతో చెప్పింది. లెక్కలు రాకముందే ఈ సంగతి ప్రతి బస్టాండు పక్కన కనిపించేది. చెక్క డబ్బా, గాలిపంపు, నీళ్ల తొట్టి, తలకిందులుగా నిలబెట్టిన సైకిలు. ఆ చేతుల పని చరిత్రలోకి ఎక్కాలంటే ఆ అతుకులు గీకేయకుండా ఉండాలి.

అందుకని పాత సైకిలు కొనేవాళ్లకు ఒక మాట. రంగు డబ్బా తెరవకముందు పెన్సిలు తీయండి. సీటు కిందా, గొట్టాల కలయిక దగ్గరా ఉన్న నెంబరు రాసుకోండి. హబ్ మీది అంకెలు రాసుకోండి. మరలు లెక్కపెట్టండి. అతుకులు ఎక్కడున్నాయో బొమ్మ గీయండి. అమ్మినవాణ్ని ఇది ఎవరింటి నుంచి వచ్చిందని అడగండి. అన్నిటికంటే ముందు ఊళ్లో మిగిలివున్న ముసలి మెకానిక్కు దగ్గరికి దాన్ని నడిపించుకుని పోండి. ఛాయ్ చెప్పి కూర్చోండి. ఆయన కప్పు విప్పి చేతిలో తిప్పుతూ చెప్పేది రాసుకోండి. ఆయన పేరు కూడా రాయండి, తండ్రి పేరుతో సహా.