ప్రాధాన్య ఓటు: పద్ధతులను తూచే ప్రమాణాలు

భారత రాష్ట్రపతి ఎన్నికలో ఓటర్లు అభ్యర్థులకు 1, 2, 3 చొప్పున ప్రాధాన్యక్రమం ఇస్తారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ కోటా దక్కకపోతే, చివరి స్థానంలోని అభ్యర్థిని తొలగించి ఆ ఓట్లను తదుపరి ప్రాధాన్యం ప్రకారం బదిలీ చేస్తారు. 1969లో నీలం సంజీవరెడ్డిపై వి.వి.గిరి ఈ బదిలీల తర్వాతే 4,20,077 ఓట్ల విలువతో కోటా దాటి గెలిచారు.

ఇటువంటి పద్ధతులను నిపుణులు కొన్ని ప్రమాణాలతో బేరీజు వేస్తారు. వాటిలో ముఖ్యమైనవి:

1. కాండోర్సే ప్రమాణం: ముఖాముఖి పోలికలో మిగిలిన అందరినీ ఓడించగల అభ్యర్థి ఉంటే ఆ అభ్యర్థే గెలవాలి.

2. ఏకదిశా ప్రమాణం: ఓటరు ఒక అభ్యర్థికి మరింత పై స్థానం ఇచ్చినందువల్ల ఆ అభ్యర్థి ఓడిపోరాదు.

3. హానిరహిత ప్రమాణం: రెండో ప్రాధాన్యం ఇచ్చినందువల్ల మొదటి ప్రాధాన్యం పొందిన అభ్యర్థికి నష్టం కలగరాదు.

భారత పద్ధతి మూడోదాన్ని నెరవేరుస్తుంది; మొదటి రెండింటికీ హామీ ఇవ్వదు. 2009లో అమెరికాలోని బర్లింగ్టన్ మేయర్ ఎన్నికలో ఈ తరహా లెక్కింపుతో బాబ్ కిస్ గెలిచారు. అవే బ్యాలెట్లను ముఖాముఖి పోల్చితే, మూడో స్థానంలో తొలగిపోయిన ఆండీ మాంట్రోల్ ఆయనతో సహా అందరికంటే ముందున్నారు.

మొదటి, మూడో ప్రమాణాలను ఏ పద్ధతీ ఏకకాలంలో నెరవేర్చజాలదు. కనుక విస్తృత ఆమోదానికి పెద్దపీట వేయాలా, మొదటి ప్రాధాన్యానికి రక్షణ కల్పించాలా అన్నది పోలింగ్‌కు ముందే చట్టం తేల్చవలసిన అంశం.